ఎర్రసిరాలో పావుగంట

ఇప్పుడంటే బడి ట్రిప్పు అనగానే ఫోను తీస్తే దారి తెలుస్తుంది, ఏ ఊరికి ఎన్ని నిమిషాలు పడుతుందో తెలుస్తుంది, బస్సు ఎక్కడుందో తల్లిదండ్రులు ఇంట్లో టీ తాగుతూ చూసుకుంటారు. నేను ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో ఇవేవీ మా బందరు బడి గేటు దాటి లోపలికి రాలేదు. అప్పట్లో ట్రిప్పంటే ఒక బస్సు, ఒక డ్రిల్లు మాస్టారు, ఆయన మెడలో ఒక విజిలు, ఏదైనా తేడా వస్తే తిట్లు తినడానికి ఒక కొత్త టీచరు. ఆ కొత్త టీచర్ని నేనే. ఇరవై నాలుగేళ్ళు, ప్రాచీన చరిత్రలో ఎమ్మే, ఇస్త్రీ నలగని కాటన్ చీర, లోకంలో నేను ప్లాను వేస్తే జరగనిదంటూ ఉండదన్న నమ్మకం. (చీర మొదటి ట్రిప్పులోనే నలిగింది. నమ్మకం నలగడానికి కూడా అదే రోజు సరిపోయింది.)

మాది తరతరాలుగా బడిపంతుళ్ళూ గుమస్తాలూ ఉన్న ఇల్లు. మా నాన్న తాలూకా ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు ఫైళ్ళ మధ్య బతికి రిటైరయిన మనిషి. పాలవాడు ఒకపూట రాకపోతే తేదీ వేసి రాసిపెట్టుకునే రకం. ఆయన కూతుర్ని కాబట్టి నాకూ కాగితం మీద గళ్ళు గీస్తే వచ్చే ఆనందం ఇంకెందులోనూ రాదు. ఎనిమిదో తరగతి పిల్లల్ని దివిసీమ చూపించడానికి తీసుకెళ్తానని నేనే నోరు జారాను. కూచిపూడి, ఘంటసాల స్తూపం, అవనిగడ్డ, చివరికి కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి. ఘంటసాల దగ్గర చెప్పడానికి ఇరవై నిమిషాల ఉపన్యాసం కూడా తయారుచేసుకున్నాను. రెండు వేల ఏళ్ళ కిందట రోము నుంచి ఓడలొచ్చేవి అని మొదలుపెట్టి, పిల్లల కళ్ళలో మెరుపులు చూస్తూ ముగించడం నా ఉద్దేశం. మా ఇంట్లో అద్దం ముందు నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారి మా అమ్మ వంటింట్లోంచి, "ఆ ఓడలేవో తొందరగా వచ్చేస్తే అన్నం తిందువుగాని రావే" అంది.

ఇక పెద్ద మేడం గురించి చెప్పాలి. మా హెడ్మిస్ట్రెస్సుని టీచర్లూ పిల్లలూ అందరూ పెద్ద మేడం అనే అనేవాళ్ళం. సన్నటి మనిషి, చెయ్యంత వాచీ, జేబు లేని చీరకి కూడా ఎలాగో ఒక ఎర్ర పెన్ను తగిలించుకుని ఉండేవారు. ఉద్యోగంలో ఒక్క రోజు సెలవు పెట్టిన చరిత్ర లేదు. ఆవిడ వరండాలో నడుస్తుంటే ఫ్యాన్లు కూడా చప్పుడు తగ్గించి తిరుగుతాయని పిల్లలు చెప్పుకునేవారు. నా ప్లాను చూసి ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. "సాయంత్రం ఆరింటికి పిల్లలు ఈ గేటు దగ్గరుండాలి. ఆరూ ఒకటి కాదు, ఆరు. చీకటి పడే వేళకి పిల్లలు రోడ్ల మీద ఉండటం నాకు ఇష్టం లేదు. తేడా వచ్చిందా, ఈ బడిలో ఇక ట్రిప్పులుండవు. నువ్వు మార్చి దాకా టెంపరరీవి. గుర్తుందిగా అమ్మా?"

గుర్తులేకపోవడమేమిటి, రాత్రి కలలో కూడా అదే కదా. ఆ ఉద్యోగం నిలబడితేనే నేను బందర్లో ఉంటాను. లేకపోతే మా పెద్దమ్మ చూసిపెట్టిన హైదరాబాదు ట్యుటోరియల్లో గైడులు దిద్దుకుంటూ కూర్చోవాలి. అందుకని ప్లానుని నిమిషాల లెక్కన వేశాను. ఆరున్నరకి బందరు, ఆరూ యాభై అయిదుకి గూడూరు, ఏడూ నలభై అయిదుకి కూచిపూడి, తొమ్మిదింబావుకి ఘంటసాల. పెద్ద మేడం దాన్ని రెండు రోజులు తన దగ్గర ఉంచుకుని తిరిగిచ్చారు. ఒక్క మార్పు చేశారు. చల్లపల్లి దాటాక, మోపిదేవికి ముందు, మెయిన్‌రోడ్డు నుంచి కిలోమీటరు లోపలికున్న ఒక చిన్న ఊరి పేరు ఎర్రసిరాతో రాసి, పక్కన "పదకొండు నుంచి పదకొండుంబావు వరకు విశ్రాంతి" అని పెట్టారు. ఆ ఊరి పేరు ఏ చరిత్ర పుస్తకంలోనూ నాకు తగల్లేదు.

"అక్కడ ఏముందండీ మేడం?" అనడిగాను.

"రోడ్డు బాగుంటుంది" అన్నారు, తలెత్తకుండానే.

ఇంటికొచ్చి నాన్నకి చూపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచారు. "అంతా బానే ఉంది గానీ, ఎమర్జెన్సీకి కాలమ్ ఏదే? దార్లో టైరు పేలిందనుకో, ఏ పిల్లాడికో కడుపునొప్పి వచ్చిందనుకో, ఆ ఊళ్ళో నీకెవరు తెలుసు? తల్లిదండ్రుల పర్మిషన్ ఫారంలోనే రాయించు. దారిలో ఉన్న బంధువు పేరు, ఊరు, ఫోన్ నంబరు. ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు చేశాను, చెబుతున్నా విను." నాకు ఆ మాట బంగారంలా తోచింది. ఫారం తయారుచేశాను. పైన నిమిషాలతో సహా మా దారంతా, కింద ‘అత్యవసరమైతే దారిలో సాయపడగల బంధువులు’ అని ఒక గడి. ఆ రెండింటినీ ఒకే కాగితం మీద పెట్టిన తెలివి నాది. అందులో నాన్నకి వాటా లేదు.

ఫారాలు తిరిగొచ్చాయి. కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగిన మనిషినై ఉండి, ఆ కాగితాలు చూసినప్పుడైనా నాకు బుర్ర వెలగాల్సింది. జాబితా వేస్తే, నలభై ఎనిమిది మంది పిల్లలకి ఆ దారిలో డెబ్బై ముగ్గురు బంధువులు తేలారు. అమ్మమ్మలు, మేనత్తలు, పెదనాన్నలు, బాబాయిగారి బావమరదులు. ఒక తండ్రి గడి చాలక వెనకవైపు కూడా రాసి, "మిగతావాళ్ళ పేర్లు అడిగితే ఇస్తాము" అని సంతకం పెట్టాడు. ఎంత సురక్షితమైన ట్రిప్పు వేశాను అనుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ట్రిప్పు రోజు ఆరున్నరకి బస్సు కదిలింది. గేటు దగ్గర పెద్ద మేడం వాచీ చూసుకుని తలూపారు. గూడూరు ఆరూ యాభై అయిదుకి రావాలి, ఆరూ యాభై నాలుగుకే వచ్చాం. నా ముఖం వెలిగిపోయింది. సరిగ్గా అప్పుడే రోడ్డు మధ్యలో ఒక పెద్దాయన భుజం మీద తువ్వాలు తీసి రైలుకి జెండా ఊపినట్టు ఊపుతూ కనిపించాడు. డ్రైవరు (ఆయన్ని బడిలో పిల్లల దగ్గర్నుంచి అటెండరు దాకా అందరూ బావ అనేవాళ్ళు) బ్రేకు వేశాడు. పెద్దాయన వెనక ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య మూతపెట్టిన పెద్ద గిన్నెలు.

"నమస్కారమండీ టీచరుగారూ. మా మనవరాలు ఈ బస్సులోనే ఉందండి. ఆరూ యాభై అయిదు అని కాగితంలో రాశారంటగా, మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఒక్క నిమిషం ముందే వచ్చారు. చాలా పద్ధతైన బడి అండీ మీది" అన్నాడు. ఆ గిన్నెల్లో ఇడ్లీలు. మనవరాలికి నాలుగు పెట్టి పంపించేస్తాడనుకున్నాను. మన సీమలో అలా ఎక్కడైనా జరుగుతుందా? సొంత మనవరాలికి పెట్టి పక్కన కూర్చున్న పిల్లకి పెట్టకపోతే ఆ ఇంటి పరువేం కాను? నలభై ఎనిమిది మందికీ పెట్టారు. డ్రిల్లు మాస్టారికి పెట్టారు. బావకి పెట్టారు. నేను వద్దంటుంటే, "అదేంటండీ, మా ఇంటి ముందునుంచి వెళ్తూ ఖాళీ నోటితో వెళ్తారా? రేపు ఊళ్ళో మమ్మల్ని ఏమనుకుంటారు?" అని ఆడవాళ్ళిద్దరూ చెరోవైపు పట్టుకున్నారు. ఇరవై అయిదు నిమిషాలు పోయాయి.

పోతే పోయాయిలే, పామర్రు దాకా స్పీడుగా వెళ్దామని బావతో అన్నాను. పామర్రు సెంటర్లో ఒక మేనత్త ఉప్మాతో ఉంది. కూచిపూడిలో ఒక పిన్ని గారెలతో ఉంది. ఆ పిన్ని తన చెల్లెల్ని, తోడికోడల్ని, తోడికోడలి తల్లిని కూడా తీసుకొచ్చింది. కూచిపూడిలో పిల్లలకి నాట్యం గురించి చెప్పాలి కదా అని నేను గొంతు సవరించుకునేసరికి, "ముందు వేడి వేడి గారె తినండి మేడం, నాట్యం ఎక్కడికీ పోదు" అని నా చేతిలో ప్లేటు పెట్టింది. మొవ్వలో ఇంకా ఘోరం. రోడ్డుకి ఇటువైపు ఒక పెదనాన్న, అటువైపు ఒక మావయ్య. వాళ్ళిద్దరికీ ఏదో గట్టు తగాదా ఉందట, మాటల్లేవు. ఇటువైపు జున్ను పెట్టారని అటువైపు ఆయన అరిసెలు, చక్రాలు తెప్పించాడు. అది చూసి ఇటువైపు ఆయన అరటి గెల దింపాడు. పిల్లలు రోడ్డుకి అడ్డంగా అటూ ఇటూ తిరుగుతూ ఇద్దరినీ సంతోషపెట్టారు. "బాగా పంచుకుతింటున్నారు మేడం, వీళ్ళకి సివిక్స్ చెప్పక్కర్లేదు" అన్నాడు డ్రిల్లు మాస్టారు, జున్ను మూతికంటించుకుని. ఆయన గుడివాడ మనిషి, తిండి విషయంలో ఎవరినీ నొప్పించడు.

అప్పటికి తొమ్మిదీ ముప్ఫయి. ఘంటసాలలో ఉండాల్సిన మేము ఇంకా మొవ్వలో ఉన్నాం. నాకు ఒళ్ళు మండిపోయింది. "బావగారూ, ఇకమీదట ఎవరు చెయ్యెత్తినా ఆపొద్దు. నేను చెబుతున్నాగా, అద్దంలోంచి చూడకుండా పోనివ్వండి" అన్నాను. బావ పాపం అలాగే పోనిచ్చాడు. రోడ్డు పక్కన ఒక కుటుంబం మొత్తం చేతులూపుతూ వెనక్కి వెళ్ళిపోయింది. బస్సులో ఒక పిల్లాడు, "మా మావయ్యండీ!" అని గోలపెట్టాడు. రెండు కిలోమీటర్లు కూడా వెళ్ళలేదు, వెనక నుంచి హారన్ల మోత. మోటారు సైకిల్ మీద ఇద్దరు, ఒకడి ఒళ్ళో ఏదో మూట. బస్సుని దాటి అడ్డంగా నిలబెట్టి, "ఆపండి, ఆపండి! ఎమర్జెన్సీ!" అని అరుస్తున్నారు. ఎవరింట్లో ఏం జరిగిందో, ఏ పిల్లకి ఏ కబురొచ్చిందో అని చెమటలు పట్టి దిగాను. "ఏమైందండీ? ఎవరికేమైంది?" అన్నాను.

"ఏమవుతుందండీ, సాంబారు చల్లారిపోతోంది" అన్నాడు ఆ మావయ్య. ఒళ్ళో ఉన్నది నాలుగు గిన్నెల క్యారియరు. మిగతా గిన్నెలు వెనక ఆటోలో వస్తున్నాయట. "ఫారంలో మీరే రాశారుగా అత్యవసరమైతే అని. మీరాగకుండా వెళ్ళిపోతే అంతకన్నా అత్యవసరం ఏముంటుందండీ?"

ఘంటసాల చేరేసరికి పదకొండున్నర. అంటే మేడం ఎర్రసిరాతో రాసిన విశ్రాంతి గడిచిపోయింది. ప్లానులోంచి ఏదో ఒకటి తీసెయ్యాలి. ఏమీ లేని ఆ ఊరికి, మెయిన్‌రోడ్డు వదిలి కిలోమీటరు లోపలికెళ్ళి ఎందుకు విశ్రాంతి తీసుకోవాలి? పొద్దుటి నుంచి తిండి తప్ప ఏ పనీ చెయ్యని వాళ్ళకి విశ్రాంతేమిటి? పెన్ను తీసి ఆ ఎర్రగీతని నీలంసిరాతో కొట్టేశాను. పెద్ద మేడం గీసింది కొట్టేస్తుంటే, నిజం చెప్పొద్దూ, చిన్న పులకింత కూడా కలిగింది.

స్తూపం దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి మొదలుపెట్టాను. "రెండు వేల ఏళ్ళ కిందట..." మొదటి వరుసలో ఒకడు అప్పటికే నిద్రలో పక్కవాడి భుజం మీద వాలాడు. రెండో వరుసలో ఒక పిల్ల కడుపు పట్టుకుని కూర్చుంది. "రోము నుంచి ఓడలు..." అనేసరికి వెనక నుంచి ఒక ముసలమ్మ నెమ్మదిగా నడిచొచ్చి నా మోచేయి పట్టుకుంది. ఆ ఊరి అమ్మమ్మే, జాబితాలో ఇరవై ఎనిమిదో పేరు. "ఓడలు వచ్చినయ్యి, పోయినయ్యి తల్లీ. నా పులిహోర ఎప్పుడు తింటారో అది చెప్పు" అంది. నా ఉపన్యాసం అక్కడితో సరి. ఓడలు ఒడ్డు చేరనే లేదు.

అవనిగడ్డకి వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడున్నర. ఇంకా హంసలదీవి ఉంది, దాని దారిలో తొమ్మిది మంది బంధువులున్నారు. దేవుడా అనుకుంటూ సెంటర్లో దిగితే, ఎదురుగా రెండు ఆటోలు, వాటి పక్కన ఒక గుంపు. సముద్రం ఒడ్డున చేపల వ్యాపారం చేసే కుటుంబాల వాళ్ళు. మా క్లాసు అల్లరి పిల్లోడి అమ్మమ్మ గుంపుకి పెద్ద. నడుం మీద చెయ్యేసుకుని, "పన్నెండున్నరకి వస్తామని రాసి ఇంకా రారేందమ్మా? రారేమోనని మేవే ఎదురొచ్చాం. ఆ దారిలో ఉన్నోళ్ళందర్నీ ఎక్కించుకొచ్చా" అంది. వేయించిన రొయ్యలు, చేపల పులుసు, ఆకుల కట్ట, ఆఖరికి చెంబులతో నీళ్ళు కూడా తెచ్చారు. నేను మొహమాటంగా నిలబడితే ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు తినవని మావోడు చెప్పాళ్ళే. నీకు విడిగా దద్దోజనం చేయించుకొచ్చా, మా రామాలయం పంతులుగారింట్లో" అంది. అంత కోపంలోనూ నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఎవరీవిడ, నేనెవరిని!

తిని లేచేసరికి నాలుగు. పొద్దున్నుంచి మొదటిసారి నా లెక్క నాకు కలిసొచ్చింది. ఇక ముందుకెళ్ళడానికి బంధువులు లేరు, అందరూ ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు వెనక్కి తిరిగితే అయిదున్నరకల్లా బందర్లో ఉంటాం. పిల్లలు సముద్రం సముద్రమని గోల చేశారు. "సముద్రం మనూళ్ళోనూ ఉందర్రా, అదీ ఇదీ ఒకటే నీళ్ళు, ఎక్కండి!" అని డ్రిల్లు మాస్టారు విజిలు వేశాడు. బస్సు వెనక్కి తిరిగింది. నేను ముందు సీట్లో కూర్చుని జాబితా తీసి చూశాను. వెళ్ళేటప్పుడే డెబ్బై ముగ్గురికీ టిక్కు పడింది. ఉద్యోగం నిలబడిందని మనసులో దండం పెట్టుకున్నాను.

మోపిదేవి దాటాం. ఒక పక్కరోడ్డు వచ్చి కలిసే చోట రోడ్డు పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. బస్సుని చూడగానే చేతికర్ర ఊతంగా లేచి చెయ్యెత్తింది.

"మేడంగారూ, ఇంకొకరండి" అన్నాడు బావ.

"ఎవరూ లేరు. జాబితా అయిపోయింది. పోనివ్వండి" అన్నాను.

బస్సు ఆవిణ్ణి దాటింది. పోనిమ్మన్నదాన్ని ఊరుకోవచ్చుగా, కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాను. ఆవిడ కూర్చోలేదు. ఎత్తిన చెయ్యి దించలేదు. బస్సు వెళ్ళిపోతోందన్నది ఇంకా నమ్మినట్టు లేదు. అప్పుడు నా కళ్ళు పక్కరోడ్డు మొదట్లో ఉన్న బోర్డు మీద పడ్డాయి. ఎర్రసిరా ఊరు. "ఆపండి బావగారూ!" అని అరిచాను. మాస్టారు తల పట్టుకున్నాడు.

వెనక్కి పరిగెత్తుకుంటూ వెళ్ళాను. "ఎవరి తాలూకండీ మీరు? పిల్ల పేరేంటి? ఏ సెక్షను?"

"మా చిట్టి బడి బస్సేనా ఇది?" అంది ఆవిడ.

"చిట్టి అనే పిల్ల మా ఎనిమిదో తరగతిలో లేదండీ."

ఆవిడ నవ్వింది. "ఎనిమిదో తరగతేంటమ్మా, అది చదివి నలభై ఏళ్ళవుతుంటే. మీ హెడ్మాస్టరమ్మ. నా చెల్లెలు."

మా పెద్ద మేడం చిట్టి! ఆవిడ చెప్పుకుపోతోంది. "మా అమ్మ పోయాక చంకనేసుకుని పెంచా దాన్ని. ఇప్పుడు రావే అంటే బడి అంటది, పరీక్షలంటది. మూడేళ్ళయింది మొహం చూసి. మొన్న ఫోన్ చేసి, అక్కా, నేను రాలేను గానీ నా పిల్లలొస్తారు, పదకొండింటికి, పావుగంటే ఉంటారు, ఏవన్నా పెట్టు అంది. పదకొండు నుంచి అరుగు మీద చూశా. దారి తెలీలేదేమోనని మూడున్నరకి కుర్చీ ఇక్కడికి వేయించుకున్నా. కూరలు మూడుసార్లు వెచ్చబెట్టించా తల్లీ."

నేను నీలంసిరాతో కొట్టేసిన గీత నా కళ్ళ ముందు కదిలింది. నాకు నా మీద అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. ఒకవైపు ఆరు గంటలు, ఒకవైపు ఆవిడ. ఆగితే ఉద్యోగం పోతుంది. ఆగకపోతే ఉండి కూడా ఏం చేసుకోను? బస్సెక్కి పిల్లల ముందు నిలబడ్డాను. పొద్దుటి నుంచి "తినకండి, తినకండి, టైమవుతోంది" అని అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. అదే గొంతుతో, "అందరూ దిగాలి. అందరూ తినాలి. ఒక్క మెతుకు వదిలినా మార్కులు కోస్తాను!" అన్నాను. "మేడం, నావల్ల కాదండీ" అని మొదటి సీటు పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మీ పెద్ద మేడం అక్కయ్యగారమ్మా" అన్నాను. వెనకనుంచి ఎవరో "అయ్యబాబోయ్" అన్నారు. బావ పెద్దావిణ్ణి ఎక్కించుకుని, బస్సుని పక్కరోడ్డులోకి తిప్పి, వాళ్ళ ఇంటి ముందు ఆపాక అందరూ దిగారు.

అరుగు మీద, వాకిట్లో, పందిరి కింద ఆకులు వేసి ఉన్నాయి. ముద్దపప్పు, గుత్తివంకాయ, ఉలవచారు, మీగడ. ఆ పిల్లలు తిన్న తిండి నేను జన్మలో మర్చిపోను. నడుముకి బెల్టులు వదులు చేసుకున్నారు. రెండు ముద్దలకొకసారి లేచి వాకిట్లో ఒక రౌండు తిరిగొచ్చి మళ్ళీ కూర్చున్నారు. రొయ్యల అమ్మమ్మ మనవడు ఉలవచారు మూడుసార్లు వేయించుకుని అందర్లోనూ వీరుడయ్యాడు. డ్రిల్లు మాస్టారు తన వంతు తిని, లేవలేనివాళ్ళ వంతు కూడా తిని బడి పరువు కాపాడాడు. పెద్దావిడ కర్ర పక్కన పడేసి వరసల మధ్య తిరుగుతూ వడ్డించింది. నా పక్కకొచ్చి వంగి, "ఆరింటికే రమ్మందా?" అని అడిగింది. ఔనన్నాను. ఆవిడ పకపకా నవ్వింది. "చీకటంటే భయమమ్మా దానికి. చిన్నప్పుడు దీపాలు పెట్టేవేళకి నా కొంగు పట్టుకుని వదిలేది కాదు. ఇప్పుడు ఊరందర్నీ భయపెడుతోందా?" ఫ్యాన్లని కూడా వణికించే పెద్ద మేడం ఒక కొంగు పట్టుకుని నిలబడ్డట్టు ఊహించుకుంటే, నాకు మీగడ గొంతులో అడ్డం పడింది.

బందరు గేటు చేరేసరికి ఏడున్నర. గేటు ముందు తల్లిదండ్రులు, వాళ్ళ ముందు పెద్ద మేడం, చేతిలో వెలుగుతున్న టార్చి. (వీధి దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఆ టార్చి ఎందుకో నాకొక్కదానికే తెలుసు.) పిల్లలు పొట్టలు పట్టుకుని ఒక్కొక్కరే దిగారు. నేను ఆఖర్న దిగాను.

"తొంభై నిమిషాలు" అన్నారు మేడం.

పెద్దావిడ ఇచ్చిన స్టీలు డబ్బా చేతికందించాను. ఆవిడ టార్చి వెలుగులో మూత తీశారు. ఉలవచారు వాసన గేటంతా కమ్మేసింది. మేడం మూత పెట్టలేదు.

"ఎంతసేపు కూర్చుంది?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"పదకొండు నుంచండి. వెళ్ళేటప్పుడు నేనాగలేదు. తప్పు నాదే మేడం."

"అందరూ తిన్నారా?"

"నలభై ఎనిమిది మందీ తిన్నారండి. మూడేళ్ళయిందిట మిమ్మల్ని చూసి."

ఆవిడ కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత తల్లిదండ్రుల వైపు తిరిగి, ఎప్పటి గొంతుతో, "మోపిదేవి దగ్గర రోడ్డు అస్సలు బాలేదండీ. ఆలస్యం టీచరుది కాదు" అన్నారు. నాకు తెలిసి ఆవిడ ఉద్యోగంలో ఆడిన మొదటి అబద్ధం అది. వచ్చే వారమే మొదటి సెలవు కూడా పెట్టారు, మూడు రోజులు. బడి మొత్తం ఆవిడకేదో జబ్బు చేసిందనుకుంది. మార్చిలో నాకు పర్మనెంటు కాగితం చేతికిచ్చేటప్పుడు, "ప్లాను వెయ్యడం నీకు రాదు" అని మాత్రం అన్నారు. మా నాన్న ఆ కథంతా విని తృప్తిగా తలూపి, "చూశావా, కాలమ్ పనిచేసింది. పిలవకుండానే డెబ్బై ముగ్గురూ హాజరు!" అన్నారు.

ఇప్పుడు పెద్ద మేడం కూర్చున్న కుర్చీలో నేను కూర్చుంటున్నాను. మొన్న కొత్తగా చేరిన సోషల్ టీచరు దివిసీమ ట్రిప్పు ప్లాను పట్టుకొచ్చింది. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో, ఇస్త్రీ నలగని చీర. అన్నీ కంప్యూటర్లో గళ్ళు గీసి, నిమిషాలు వేసి తెచ్చింది. చూస్తుంటే నవ్వాగలేదు. జాలేసింది కూడా, ఆ అమ్మాయి మీద కాదు, ఆ రోజు నీలం పెన్నుతో గీత కొట్టేసి పులకించిన నా మీద. నా ఉపన్యాసం మాత్రం ఇప్పటికీ ఏ బ్యాచీ ఓడలు దాటి వినలేదు. ఎర్ర పెన్ను తీసి, ఆ ఊరి పేరు రాసి, పక్కన పదకొండు నుంచి పదకొండుంబావు వరకు విశ్రాంతి అని పెట్టాను.

"అక్కడ ఏముందండీ మేడం?" అంది ఆ అమ్మాయి.

రిటైరయ్యాక పెద్ద మేడం అక్కయ్య దగ్గరికే వెళ్ళిపోయారు. ఏటా మా బస్సు వెళ్ళే రోజున పక్కరోడ్డు మొదట్లో ఇప్పుడు రెండు కుర్చీలుంటాయి. ఒక కుర్చీలో కర్ర, ఒక కుర్చీలో వాచీ.

"రోడ్డు బాగుంటుంది" అన్నాను. "కానీ ఆలస్యం చెయ్యకమ్మా. పదకొండూ ఒకటయినా తిడతారు."